ఆరు కన్నాల గొళ్లెం

“లోపల మనిషి ఉన్నాడని రాసి, ఆ మనిషేమో ఊరంతా తిరుగుతున్నాడా?”

ఆమె నాతో అన్న మొదటి మాట ఇది. ప్రేమకథలు ఇంతకన్నా బాగా మొదలవుతాయని విన్నాను. నాది మాత్రం తిట్లతోనే మొదలైంది, దాచుకోవడానికేం లేదు.

నేను లిఫ్ట్ మెకానిక్‌ని. మా పనిలో ఒక రూలుంది. రిపేరుకి దిగేముందు మెయిన్ స్విచ్ ఆపేసి, దానికో ఇనుప గొళ్లెం బిగించి, ఎవరి తాళం వాళ్లే వేసుకోవాలి. తాళానికి ఒక ఎర్ర అట్టముక్క వేలాడుతుంది: ‘లోపల మనిషి ఉన్నాడు. స్విచ్ వేయొద్దు. నా తాళం నేనే తీస్తాను.’ కింద మన ఫోన్ నంబర్. తాళంచెవి ఒక్కటే, అది మన జేబులోనే. కంపెనీ ఓనరొచ్చి కాళ్లావేళ్లా పడినా ఇంకొకళ్లు తీయకూడదు. లోపలున్నవాడి ప్రాణం ఆ తాళం మీదే ఉంటుంది మరి.

ఆ రోజు ఆ నాలుగంతస్తుల బిల్డింగులో లిఫ్టుకి గ్రీజు పెడుతుంటే ఫోనొచ్చింది. రెండు వీధుల అవతల ఇంకో లిఫ్టులో ముగ్గురు ఇరుక్కుపోయారట. పరుగెత్తాను. పరుగెత్తేవాణ్ణి తాళం తీసి పరుగెత్తాలి కదా? మర్చిపోయాను. ఆ ముగ్గురినీ బయటికి లాగి, వాళ్లిచ్చిన టీ తాగి, తీరిగ్గా తిరిగొచ్చేసరికి రెండు గంటలు.

గ్రౌండ్ ఫ్లోర్‌లో వాచ్‌మన్ కుర్చీలో ఒక బామ్మగారు కూర్చుని ఉన్నారు. కంటి డాక్టర్ దగ్గర చుక్కలు వేయించుకుని వచ్చి, మెట్లెక్కలేక, రెండు గంటలుగా అక్కడే. ఆవిడ పక్కన ఆవిడ మనవరాలు. జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకుని, నడుం మీద ఒక చెయ్యి పెట్టుకుని, రెండో చేత్తో నా ఎర్ర అట్టముక్కను టపటపా కొడుతోంది.

“ఎమర్జెన్సీ అండీ,” అన్నాను.

“మీ నంబర్‌కి పదకొండుసార్లు చేశాను.”

“లిఫ్టు గోతిలో సిగ్నల్ ఉండదండీ.”

“టీ కప్పులో కూడా ఉండదా? మీసాలకి మీగడ అంటుకుంది.”

తుడుచుకున్నాను.

“ఆలస్యం సంగతి వదిలేయండి,” అంది. “మీ చీటీ అబద్ధం చెబుతోంది. నాకు నచ్చనిది అదీ.”

అక్కడ గుచ్చుకుంది నాకు. తిట్టండి, కొట్టండి, గ్రీజు డబ్బా నెత్తిన బోర్లించండి, పడతాను. కానీ నేను రాసింది అబద్ధమా? మా కంపెనీ మొత్తంలో టెస్టర్ పెట్టి చూడకుండా రిపోర్టులో ఒక్క ముక్క రాయనివాణ్ణని నాకు పేరు. బల్బు వెలిగితేనే ‘వెలిగింది’ అని రాస్తాను.

“పోనీలేవే,” అన్నారు బామ్మగారు. “పాపం, కుడితిలో పడ్డ ఎలుకలా ఎలా ఉన్నాడో చూడు. నాయనా, ముందు తాళం తియ్యి. సంజాయిషీలు పైకెళ్లాక చెప్పుకుందువుగాని.”

తాళం తీశాను. లిఫ్టు తలుపు మూసుకుంటున్నప్పుడు ఆమె నన్ను ఒక్క చూపు చూసింది. అందులో కోపం ముప్పావు వంతే ఉంది. మిగతా పావు వంతు ఏమిటో అప్పుడు తేలలేదు.

*

రెండు రోజుల తర్వాత మా మేస్త్రి నన్ను పిలిచాడు.

“కొత్త లిఫ్టులు దిగుతున్నాయిరా. పుస్తకాలన్నీ స్పానిష్‌లో ఉన్నాయి. నువ్వు నేర్చుకో.”

“నేనా? ఇంతమంది ఉండగా?”

“అందరికీ పెళ్లిళ్లయ్యాయి. సాయంత్రాలు ఖాళీగా ఉండే దౌర్భాగ్యుడివి నువ్వొక్కడివే. ఇదిగో అడ్రసు.”

అడ్రసు చీటీని అటూ ఇటూ తిప్పి చూశాను. అదే బిల్డింగు. నాలుగో అంతస్తు.

బెల్లు కొట్టాను. తలుపు తీసింది. జుట్టులో అదే పెన్సిల్.

“లిఫ్టు మళ్లీ ఆగిందా?”

“లేదండీ. స్పానిష్ నేర్చుకోవడానికి వచ్చాను.”

ఆమె నవ్వు ఆపుకుంది. ఆపుకుందని నాకు కచ్చితంగా తెలుసు, ఎందుకంటే వెనక నుంచి బామ్మగారు ఆపుకోలేదు.

ముందు గదే క్లాసు, ఆమే టీచర్. రకరకాల కుర్చీలు ఏడు, గోడకో నల్లబోర్డు, కిటికీ పక్కన బామ్మగారి మడతకుర్చీ. బామ్మగారికి స్పానిష్ రాదు. కానీ ఎవరికి మార్కులు తక్కువొచ్చాయో వాళ్ల మొహం చూసి చెప్పేస్తారు. నా మొహం ఆవిడకి తెరిచిన పుస్తకం.

మొదటి నాలుగు నెలలు నల్లేరు మీద బండి నడకే. కుర్చీ, బల్ల, నిన్న, రేపు. ఐదో నెలలో బండి బోల్తా పడింది.

ఆ రోజు టీచర్ బోర్డు మీద రెండు వాక్యాలు రాసింది. క్రేయో కే ‘అ’ యెగాదో. ఎస్పేరో కే ‘ఆయా’ యెగాదో.

“మొదటిది, అతను వచ్చేశాడని అనుకుంటున్నాను. రెండోది, వచ్చేసి ఉండాలని ఆశపడుతున్నాను. వచ్చేయడం రెండు చోట్లా ఒకటే. కానీ ఉన్న సంగతిగా చెబితే ‘అ’. ఆశ, అనుమానం, కోరిక, ఇలాంటివాటి వెనక వస్తే ‘ఆయా’. ఇంటికెళ్లి ఇరవై వాక్యాలు రాసుకురండి.”

రాసుకెళ్లాను. ఇరవైకి ఇరవైలోనూ ‘అ’.

“ఇదేంటండీ? రైలు వచ్చింది, వాన వెలిసింది, తాళం పడింది. మీకెప్పుడూ అనుమానమే రాదా? ఆశే ఉండదా?”

“ఉంటాయి టీచర్. రాయను.”

“ఏం?”

“టెస్టర్ పెట్టి చూడందే మేం ఏదీ రాయం.”

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. “అయితే ఈ వాక్యం మీకెప్పటికీ రాదు,” అంది.

ఒళ్లు మండిపోయింది. నాకు రాకపోవడమా? ఇంటికెళ్లి కొత్త లిఫ్టు పుస్తకం ముందేసుకున్నాను. మూడో పేజీలోనే దొరికింది. ‘కరెంటు ఆగిపోయి ఉండేలా చూసుకోండి’ అని అర్థం. అక్కడ ‘అ’ లేదు. ‘సే ఆయా కోర్తాదో’ అని ఉంది.

ఆయా! ఎందుకు ఆయా? నేను స్విచ్ ఆపాను, ఆగిపోయింది కదా? ఆలోచిస్తూ జేబులోంచి టెస్టర్ తీశాను. దాన్ని చూశాను. పుస్తకాన్ని చూశాను. మంచం మీద నుంచి ఒక్క గంతేశాను.

మర్నాడు క్లాసుకి అరగంట ముందే వెళ్లి బెల్లు మీద వేలు తీయకుండా నొక్కాను.

“టీచర్, దొరికింది! స్విచ్ ఆపాను, కానీ వైర్లో కరెంటు పోయిందో లేదో నాకింకా తెలీదు. తెలీదు కాబట్టే పుస్తకం చూసుకోమంటోంది. టెస్టర్ పెట్టకముందు ‘ఆయా’. పెట్టాక ‘అ’!”

ఆమె చేతిలో చాక్‌పీస్ కింద పడిపోయింది.

“ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. ఇలా ఎవరూ చెప్పలేదు నాకు.” ముడిలోంచి పెన్సిల్ లాగి గబగబా నోట్‌బుక్కులో రాసుకుంది. నా మాట! టీచర్ నోట్‌బుక్కులో! “ఒక్క సవరణ. మీకైతే బల్బు వెలగాలి. వాళ్లకి నమ్మకం చాలు. వచ్చేశాడని నమ్మితే, చూడకపోయినా, ‘అ’ అనేస్తారు.”

“చూడకుండానా? ధైర్యవంతులు.”

“అవును. ధైర్యం కావాలి,” అంది నన్నే చూస్తూ. “సరే, ఇది చెప్పండి. మే అలేగ్రో దే కే ‘ఆయా’ వెనీదో. మీరు వచ్చినందుకు నాకు సంతోషం. మనిషి వచ్చేశాడు. ఎదురుగా నిలబడి ఉన్నాడు. బల్బు వెలిగింది. మరి ఇక్కడ ‘ఆయా’ ఎందుకు?”

అలవాటుగా చెయ్యి జేబులో టెస్టర్ మీదికి పోయింది.

“అది మీ టెస్టర్‌కి దొరకదు. వెతుక్కోండి.”

వెతుక్కున్నాను. ఏం వెతికినా ఆమే కనిపించేది. నా సంగతి నాకు తెలిసిపోయింది, అందులో అనుమానమేం లేదు. ఆమె సంగతి తెలియాలి. ఒకసారి నవ్వుతుంది, ఇంకోసారి ఎర్ర సిరాతో నా పేజీ అంతా చెక్కేస్తుంది. దేన్ని పట్టుకుని ఏమనుకోను?

ఆరో నెలలో, ఎవరి పని గురించి వాళ్లు స్పానిష్‌లో చెప్పాలంది. నేను గొళ్లెం పట్టుకెళ్లాను. దానికి ఆరు కన్నాలుంటాయి. లోపల ఎంతమంది దిగితే అన్ని తాళాలు, ఒక్కొక్కళ్లది ఒక్కొక్క కన్నంలో. అన్నీ తీస్తేనే స్విచ్ పడుతుంది. ఐదుగురు బయటికొచ్చి ఆరోవాడు లోపలుంటే, ఆ ఒక్క తాళమే లిఫ్టు మొత్తాన్ని ఆపేస్తుంది.

“అంటే తాళం ఉందంటే మనిషి ఉన్నట్టేనా?” అని అడిగింది.

“ఉన్నట్టే. రిపోర్టులో కూడా రాయాలి. లోపల ఉన్నవాళ్లు ఎంతమంది అని ఒక గడి ఉంటుంది.”

ఆమె గొళ్లేన్ని చేతిలోకి తీసుకుని ఒక్కో కన్నంలోంచీ కిటికీ వైపు చూసింది. చివరి కన్నంలోంచి నన్ను చూసింది. ఆ రోజు నేను చెప్పిన స్పానిష్‌లో ఎన్ని తప్పులు దొర్లాయో నాకు గుర్తులేదు.

*

ఆ వారమే బామ్మగారు నన్ను మెట్ల దగ్గర పట్టుకున్నారు.

“అబ్బాయ్, నీకో సంగతి తెలుసా? దానికి ఉద్యోగం వచ్చింది. ఎక్కడో దూరాన, అనువాదాల కంపెనీలో. శనివారం సాయంత్రం ఐదింటిలోగా జవాబు పంపాలట.”

నా గుండె గ్రౌండ్ ఫ్లోర్‌కి జారిపోయింది, మధ్యలో ఎక్కడా ఆగలేదు.

“వెళతారా?”

“ప్రయాణానికి అటక మీంచి పెట్టె దించింది. నా కోసం ఆగిపోతానంటే నేనూరుకోను, మా చెల్లెలుంది నన్ను చూసుకోవడానికి. తన కోసం ఆగాలంటే దానికో కారణం ఉండాలి కదా.” నా మొహంలోకి చూశారు. “నీ దగ్గరేమన్నా ఉందా, కారణం లాంటిది?”

“బామ్మగారూ, ఆమె మనసులో ఏముందో తెలీకుండా ఎలా? పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు.”

“అడగందే అమ్మయినా పెట్టదనీ అంటారు. ఆ సామెత నువ్వు వినలేదా, వినబడనట్టు ఊరుకున్నావా?” అని, చేతికర్ర తాటించుకుంటూ లిఫ్టు ఎక్కేశారు.

శనివారం ఆ బిల్డింగులో నెలవారీ సర్వీసు. మూడింటికి స్విచ్ ఆపి, గొళ్లెం బిగించి, తాళం వేసి, లిఫ్టు పెట్టె మీదికెక్కాను. బయట వాన దంచికొడుతోంది. ఒక్కో బోల్టూ బిగిస్తున్నాను, గడియారం చూస్తున్నాను. మూడూ నలభై. నాలుగు. చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు నాలుగో అంతస్తులో తలుపు ముందు నిలబడిపోయింది. కావాల్సింది ఒక్క గుర్తు. ఆమె అవునంటుందని తేలిపోయే చిన్న గుర్తు. అదుంటే ఎగిరి వెళ్లి చెప్పేవాణ్ణి.

నాలుగుంబావుకి ఒక సంగతి తట్టింది. టెస్టర్ వైరుకి ఆనిస్తేనే బల్బు వెలుగుతుంది. నేను ఆరు నెలలుగా దాన్ని జేబులో పెట్టుకుని బల్బు కోసం చూస్తున్నాను.

పెట్టె మీంచి దిగి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. బామ్మగారే తలుపు తీశారు. ఏమీ అడక్కుండా పక్కకి తప్పుకున్నారు. టీచర్ కిటికీ దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. గోడ పక్కన నీలం పెట్టె, దానికో బుల్లి తాళం.

“టీచర్, ఒకటి చెప్పాలి. టెస్ట్ చేయలేదు. మీ మనసులో ఏముందో నాకు తెలీదు. తెలిశాకే చెబుదామని ఇన్నాళ్లు ఆగాను. మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. మీరు వెళ్లకపోతే బాగుండును. వెళ్లినా ఈ ఇష్టం తగ్గదు. అంతే.”

ఆమె నన్ను తేరిపార చూసింది. నా గ్రీజు చేతుల్ని చూసింది.

“మీ తాళం ఎక్కడుంది?”

“కింద. వేసే ఉంది.”

“అంటే ‘లోపల మనిషి ఉన్నాడు’ అని కింద రాసుంది. మీరేమో ఇక్కడున్నారు. మళ్లీ అబద్ధం. వెళ్లి పని పూర్తిచేయండి.”

ఇంకేముంది? దిగాను. ఎక్కినప్పుడు రెండేసి మెట్లు, దిగినప్పుడు ఒక్కొక్కటే. మళ్లీ లిఫ్టు పెట్టె మీదికెక్కి, మిగిలిన బోల్టులు బిగించాను. మెట్ల మీద ఎవరో గబగబా దిగిన చప్పుడు, మళ్లీ గబగబా ఎక్కిన చప్పుడు వినిపించాయి. వాచ్‌మనేమో అనుకున్నాను. ఐదు దాటింది. ఏం జవాబు పంపిందో పంపేసింది. విచిత్రం ఏమిటంటే, ఏడుపు రావాల్సినవాడికి లోపలెక్కడో హాయిగా ఉంది. చెప్పేశాను! ఈ నోటితోనే!

పని ముగించి, చేతులు తుడుచుకుని, తాళం తీద్దామని స్విచ్‌బోర్డు దగ్గరికి వెళ్లాను. తాళంచెవి చేతిలోనే ఆగిపోయింది.

గొళ్లేనికి రెండు తాళాలున్నాయి.

ఒకటి నాది. దాని పక్క కన్నంలో ఒక బుల్లి తాళం, ప్రయాణపు పెట్టెలకు వేసేది. దానికి నోట్‌బుక్ అట్ట చింపి చేసిన చీటీ, మీద ఎర్ర సిరా: ‘నేనూ లోపలే ఉన్నాను. స్విచ్ వేయొద్దు. నా తాళం నేనే తీస్తాను.’ కింద ఫోన్ నంబర్.

నాలుగుసార్లు చదివాను. ఆ నంబర్‌కి ఫోన్ చేశాను. కట్ చేసింది. మళ్లీ చేశాను. మళ్లీ కట్. ఐదోసారికి పైనుంచి నవ్వు వినిపించింది. తొమ్మిదోసారికి సంగతి అర్థమై నేనూ నవ్వడం మొదలెట్టాను. పదకొండోసారి ఎత్తింది.

“లెక్క సరిపోయింది. ఇప్పుడు చెప్పండి,” అంది.

“టీచర్, మీ తాళం తీస్తే గానీ లిఫ్టు నడవదు.”

“నా తాళం మీరు తీయకూడదు కదా?”

“కంపెనీ ఓనరొచ్చి కాళ్లావేళ్లా పడినా తీయను.”

“అయితే వస్తున్నా, ఉండండి.”

వచ్చింది. పరుగెత్తుకుంటూ, ముడి సగం ఊడిపోయి, పెన్సిల్ జారిపోతూ. చివరి మెట్టు మీద ఆగింది.

“జవాబు పంపాను. ఇక్కడి నుంచే పని చేస్తాను, సాయంత్రాలు నా క్లాసు నాకుండాలి, కుదిరితేనే చేరతాను అని. ఒప్పుకుంటారో లేదో తెలీదు. తెలీకుండానే పంపేశాను. ఒకాయన నాలుగుంబావుకి గ్రీజు చేతులతో వచ్చి నేర్పాడు.”

“మరి అప్పుడే చెప్పొచ్చుగా? నలభై నిమిషాలు చచ్చి బతికాను!”

“ఆరు నెలలు ఎదురుచూశాను నేను. నలభై నిమిషాలకే?” అంది. తర్వాత మెల్లగా, “మే అలేగ్రో దే కే ‘ఆయాస్’ వెనీదో,” అంది.

చివర ఆ ఒక్క ‘స్’తో, మీరు అన్న చోట నువ్వు వచ్చి చేరింది. ఆ వాక్యం ఇప్పుడు నాకు తెలిసింది. నేను వచ్చానన్న వార్త చెప్పడం లేదామె. నేను వచ్చినందుకు తనకేమైందో చెబుతోంది. నాకూ అదే అయింది. ఇక్కడ ‘ఆయా’ ఎందుకో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

“నాకు కూడా,” అన్నాను. ఆరు నెలలు నేర్చుకున్న స్పానిష్‌లో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

“ఒరేయ్, ఇద్దరూ!” పై నుంచి బామ్మగారి కేక మెట్లన్నీ దిగి వచ్చింది. “కంటి డాక్టర్ ఆరింటికి మూసేస్తాడు! ముందు తాళాలు తియ్యండర్రా, మాటలు పెళ్లయ్యాక కూడా మాట్లాడుకోవచ్చు!”

ఒకరినొకరు చూసుకున్నాం. ఆమె తాళం ఆమె తీసింది. నా తాళం నేను తీశాను.

ఆ సాయంత్రం రిపోర్టు చూసి మేస్త్రి కళ్లద్దాలు పైకి జరిపాడు.

“లోపల ఉన్నవాళ్లు ఇద్దరు అని రాశావేంట్రా? పంపింది నిన్నొక్కణ్ణే కదా?”

“చూసే రాశాను మేస్త్రీ,” అన్నాను.